ఆ ‘ఊఁ’ ఎవరిది

పోయిన వారం నన్ను మెట్ల మీదే వదిలేసి వెళ్ళారు మీరు. చెవిలో ఒకటే మాట. అక్కడినుంచే మొదలుపెడతా. ఈ వారమే కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళుంటే వాళ్ళకి ముందు నాలుగు ముక్కలు చెప్పాలి. పాతవాళ్ళు కాస్త ఓపిక పట్టండి. ఆ ఓపిక నాకెలాగూ లేదు, మీరన్నా పట్టాలి.

నాది సోఫాలూ కుర్చీలూ బాగుచేసే కొట్టు. చెక్కపని మా ఆయనది, స్పాంజీ గుడ్డా కుట్టుపని నాది. ఆ మాయదారి జబ్బు ఊరి మీద పడ్డ రోజుల్లో మా అమ్మని ఆటల హాల్లో పెట్టిన తాత్కాలిక వార్డులో చేర్చాం. లోపలికి ఎవర్నీ పంపేవాళ్ళు కాదు. వంతులవారీగా ఒక ఆయా ఫోన్ తీసుకెళ్ళి మంచం మీదున్న మనిషి చెవి దగ్గర పట్టుకునేది, మనం బయటినుంచి చెప్పుకోవాల్సింది చెప్పుకోవాలి. నా వంతు వచ్చింది. నేను చెప్పాల్సింది ఇంకా సగంలో ఉంది. ‘ఇంక చాలమ్మా’ అని ఒక ఆడగొంతు అడ్డుపడి లైన్ కట్ చేసేసింది. మర్నాడు అమ్మ పోయింది.

అప్పట్నుంచీ నేను ఆ గొంతు కోసం వెతుకుతున్నా. దొరికితే నలుగురిలో నిలబెట్టి కడిగేయాలని. మా ఆయన మాత్రం నా మనసు కుదుటపడుతుందని గ్రంథాలయం మేడ మీద శనివారాలు జరిగే కూటానికి పంపించాడు. ఆ రోజుల్లో మనుషుల్ని పోగొట్టుకున్నవాళ్ళంతా అక్కడ గుండ్రంగా కూర్చుని మాట్లాడుకుంటారు. కౌన్సెలర్ మేడమ్ నడిపిస్తుంది. అక్కడ ఒకావిడ ఉంది, అందరూ చిన్నక్క అంటారు. లాండ్రీలో ఇస్త్రీ పని. నోరు విప్పదు, అందరికీ నీళ్ళు అందిస్తుంది, ఏడ్చేవాళ్ళ వీపు నిమురుతుంది. పోయిన శనివారం కూటం అయ్యాక నేను మెట్లు దిగుతున్నా. వెనకాల మేడమ్ చిన్నక్క కప్పులో టీ పోస్తోంది. చిన్నక్క అంది, ‘ఇంక చాలమ్మా’ అని.

అదే గొంతు. అంతే, అక్కడ ఆపాం.

వెనక్కి తిరిగి జుట్టు పట్టుకుని ఉండేదాన్నే. నన్ను చూస్తే తెలుస్తుంది, ముక్కు మీదే ఉంటుంది నా కోపం. కానీ ఆ రోజు మాత్రం మెల్లగా మెట్లు దిగి ఇంటికొచ్చా. ఇన్నాళ్ళు దాచుకున్న కసి మెట్ల మీద జుట్టు పీకితే తీరేది కాదు. నిజం నాకు ఆవిడ నోటినుంచే రావాలి. తరవాత అదే మాట కూటంలో అందరి ముందూ చెప్పించాలి. నీళ్ళ గ్లాసులు అందించి మంచిదనిపించుకున్న మనిషికి ఆ మంచితనం ఊడ్చిపెట్టుకుపోయేలా చెయ్యాలి.

అవకాశం నా కొట్లోనే ఉంది. గ్రంథాలయం వాళ్ళ కుర్చీల గుడ్డ చిరిగిందని మేడమ్ వాటిని నా దగ్గరికే పంపించింది. చిన్నక్కకి కబురు పెట్టా. కుర్చీలకి రంగు ఎంచాలి, మధ్యాహ్నం భోజనాల వేళ ఒకసారి వచ్చి పొమ్మని. రంగుల ఎంపికకి పిలిచానని పాపం ఎంత సంబరపడిందో, తల దువ్వుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని మరీ వచ్చింది.

మా ఆయన్ని స్పాంజి తెమ్మని బజారుకి తోలేశా. స్పాంజి అటక మీద నిండుగా ఉంది. ఆ సంగతి ఆయనకీ తెలుసు. నా మొహం చూసి చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

"ఏ రంగులక్కా?" అంది చిన్నక్క, బల్ల మీద గుడ్డలు చూస్తూ. "ఈ నీలం బాగుంది. కూర్చున్నవాళ్ళకి చల్లగా ఉంటుంది."

"‘ఇంక చాలమ్మా’ అను," అన్నా.

"ఏంటక్కా?"

"నాకు వినాలని ఉంది. ఇంక చాలమ్మా. ఒక్కసారి అను."

ఆవిడకి అర్థం కాలేదు. నవ్వబోయింది. నేను నవ్వలేదు. నా చేతిలో స్టేప్లర్ గన్ ఉంది, కుర్చీ అంచుకి గుడ్డ లాగి టకటకా కొడుతున్నా. అవసరమైనదానికన్నా ఎక్కువే కొట్టా.

"ఆటల హాలు," అన్నా. "గోడ పక్క వరస. మధ్యాహ్నం. నేను గేటు దగ్గరే ఉన్నానమ్మా, ఎక్కడికీ పోను అని చెప్తున్నా. ఫోన్ పట్టుకున్నది నువ్వే కదూ?"

చిన్నక్క చేతిలో నీలం గుడ్డ అలాగే పట్టుకుని, పట్టీలు ఊడిన కుర్చీలో కూర్చోబోయి పడబోయింది. నేనే రెక్క పట్టుకుని స్టూలు మీద కూలేశా. పడితే పడనీ అనుకోవాల్సింది, ఎందుకు పట్టుకున్నానో నాకే తెలీదు. చెయ్యి అలవాటు.

"గేటు దగ్గర అమ్మాయి మీరా?" అంది.

"గుర్తుందన్నమాట."

"మరిచిపోతే కదక్కా."

"అయితే చెప్పు. ఎందుకు కట్ చేశావు? నీకు అన్నం వేళ అయిందా? కాళ్ళు నొప్పెట్టాయా? మా అమ్మకి నా గొంతు ఎక్కువైపోతుందనుకున్నావా?"

ఏ సాకు చెప్తుందో అన్నిటికీ జవాబులు ముందే తయారుచేసుకుని కూర్చున్నా. ఒళ్ళు హూనమైపోయిందక్కా అంటే ఏమనాలో, పైవాళ్ళు కట్ చెయ్యమన్నారంటే ఏమనాలో, అప్పటికే ప్రాణం లేదక్కా అంటే ఏమనాలో, అన్నీ. వాటిల్లో ఒక్కటీ చెప్పలేదు ఆవిడ.

"మీరు మాట్లాడింది మీ అమ్మగారితో కాదక్కా," అంది.

నా చెయ్యి ఆగిపోయింది.

తరవాత ఆవిడ చెప్పింది వరస తప్పకుండా చెప్తా, నేను విన్నట్టే వినండి. ఆ వార్డులో అందరూ బోర్లా పడుకుని ఉండేవాళ్ళట, ఊపిరి అలాగే బాగా అందుతుందని. మొహానికి మాస్కు, తలకి టోపీ. ఎవరు ఎవరో కన్నతల్లి కూడా గుర్తుపట్టలేదు. అందుకని మంచం కమ్మీకి ఆ మనిషి నంబరు పలక వేలాడదీసేవాళ్ళు. మనిషిని చూడొద్దు, పలకని చూసి పని చెయ్యండి అని చెప్పారట ఆయాలకి. మందైనా, నీళ్ళైనా, ఫోనైనా పలకని చూసే. ఆ రోజు తెల్లవారకముందు మా అమ్మ మంచం దగ్గర గొట్టంలో గాలి సరిగ్గా రావడం లేదని, పక్క మంచం మీదున్న ఆవిడ కాస్త తేరుకున్నట్టుందని, ఇద్దర్నీ ఇటువాళ్ళని అటు, అటువాళ్ళని ఇటు మార్చారట. మంచాలు కదలవు, మనుషుల్నే ఎత్తి మార్చాలి. పలకలు మార్చడం చిన్నక్క పని.

"మరిచిపోయా," అంది చిన్నక్క. "ఎత్తి పడుకోబెట్టేసరికి ఇంకోవైపు ఎవరో పిలిచారు. అటు పరిగెత్తా. పలకలు అలాగే ఉండిపోయాయి."

"అంటే నేను..."

"మీ అమ్మగారి పలక ఉన్న మంచం దగ్గరికే వచ్చా. దాని మీద ఉన్నది పక్కావిడ. ఆవిడ చెవి దగ్గర పెట్టా ఫోన్."

నాకు మొదట కోపం కూడా రాలేదు. ఏదో పిచ్చి లెక్కలా అనిపించింది. గేటు బయట ఎండలో నిలబడి, నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని, నేను అన్నవన్నీ గుర్తొచ్చాయి. నీ గాజులు తీసి దాచానమ్మా. నువ్వు తిట్టినా పడతానమ్మా, లేచి రా. ఒక్కసారి నన్ను తిట్టు. ఇవన్నీ ఎవరో ముక్కూమొహం తెలీని ఆవిడ చెవిలో పోశాను.

"అయితే కట్ ఎందుకు చేశావు?" అన్నా. "నీకు తెలీదుగా అప్పటికి."

చిన్నక్క తల దించుకుంది.

"ఫోన్ స్పీకర్లో ఉంది," అంది. "మీ గొంతు పక్క మంచానికి వినిపించింది. మీ అమ్మగారు మేలుకునే ఉన్నారు. చెయ్యెత్తారు. ఫోన్ కోసం గాల్లో వెతికారు. నా గౌను అంచు చిక్కితే పట్టుకున్నారు, ఇటు ఇమ్మని లాగారు. అప్పుడు తెలిసింది నాకు. మొత్తం తెలిసిపోయింది."

"తెలిసి?"

"భయమేసింది."

"తెలిసి ఏం చేశావని అడుగుతున్నా."

"ఫోన్ కట్ చేశా. గౌను విడిపించుకున్నా."

చూశారా, ఎంత నెమ్మదిగా అందో. విడిపించుకున్నా. మా అమ్మ వేళ్ళు నాకు తెలుసు. పచ్చడి సీసా మూత రాకపోతే మగాళ్ళంతా ఓడిపోయాక మా అమ్మకిచ్చేవాళ్ళం. ఆ వేళ్ళని విడిపించుకోవాలంటే ఒక్కొక్కటే తియ్యాలి. ఒక్కొక్కటే తీసి ఉంటుంది ఈ మహాతల్లి. రెండడుగుల దూరంలో ఫోన్ ఉంది, అందులో నేనున్నాను.

స్టేప్లర్ గన్ బల్ల మీద పెట్టేశా. చేతిలో ఉంటే మంచిది కాదనిపించింది.

"ఫోన్ ఇటు తిప్పితే ఏం పోయేదే నీది?" అన్నా. మర్యాద అప్పుడే పోయింది. "ఒక్క చెయ్యి చాపితే సరిపోయేదిగా."

"అప్పుడు మీకు చెప్పాలిగా అక్కా, ఇందాకంతా వేరేవాళ్ళకి చెప్పారు, మళ్ళీ చెప్పండి అని. తప్పు ఒప్పుకోవాలి. సాయంత్రం మళ్ళీ ఫోన్ చేసి ఇద్దామనుకున్నా. పలకలు మాత్రం అప్పుడే సరిచేసేశా. సాయంత్రం అయ్యేసరికి ఇంకా భయమేసింది. డ్యూటీ దిగిపోయా. మర్నాడు వచ్చేసరికి రెండు మంచాలూ ఖాళీ."

"పలకలు సరిచేశావు," అన్నా.

"ఆఁ."

"పలకల బాధ్యత గుర్తొచ్చింది నీకు. మనిషి చెయ్యి పట్టుకుని లాగితే మాత్రం వదిలించుకున్నావు."

ఏడుస్తుందేమోనని చూశా. ఏడిస్తే ఇంకాస్త తిట్టొచ్చు. ఏడవలేదు. నీలం గుడ్డ ఒళ్ళో పెట్టుకుని, మడత మీద మడత వేస్తూ కూర్చుంది. లాండ్రీ మనిషి కదా, ఆ మడతలు కూడా ఎంత చక్కగా వేసిందో, అది చూసి నాకు ఇంకా ఒళ్ళు మండిపోయింది.

"శనివారం వస్తున్నావు," అన్నా. "అందరి ముందూ నిలబడి ఇప్పుడు నాకు చెప్పింది చెప్తున్నావు. నీళ్ళు అందించే చెయ్యి ఏం చేసిందో వాళ్ళకీ తెలియాలి."

"చెప్తా అక్కా. అందుకే చేరా ఆ కూటంలో. మొదటి రోజే చెప్పేసి ఏ శిక్ష వేస్తే అది పడదామని వచ్చా. కానీ నాకన్నా ముందు బేకరీ అన్న మాట్లాడారు."

"ఆయనకీ దీనికీ ఏం సంబంధం?"

చిన్నక్క నా వైపు చూసింది. అంత జాలిగా నన్నెవరూ చూడలేదు. అసలు నన్ను జాలిగా చూస్తే నాకు పడదు.

"పక్క మంచం మీదావిడ బేకరీ అన్న వాళ్ళావిడ అక్కా," అంది.

మీకు బేకరీ అన్న గురించి చెప్పాలి. కూటంలో అందరికన్నా పెద్దగా నవ్వేది ఆయన, అందరికన్నా ముందు ఏడ్చేదీ ఆయనే. భార్య పోయాక పొయ్యి ఆర్పేసి, షట్టరు దించేసి, కూతుర్ని కూడా పట్టించుకోకుండా పడి ఉన్నాడట. ఒకరోజు అన్నీ ముగించేద్దామని మేడ ఎక్కాడట. ఎక్కి, అక్కడ నిలబడితే, వాళ్ళావిడ ఆఖరిగా ఫోన్‌లో అన్న ఒక్క మాట గుర్తొచ్చిందట. ‘పిల్లని నేను చూసుకుంటా, నువ్వు దిగులు పెట్టుకోకు, విన్నావా’ అని ఈయన అడిగితే, అవతలినుంచి ‘ఊఁ’ అంది. దానికి మాటిచ్చాను కదా అని మేడ దిగి వచ్చేశాడట. మళ్ళీ పొయ్యి వెలిగించాడు. ఆ ‘ఊఁ’ గురించి ఆయన ఎన్నిసార్లు చెప్పినా మేమంతా కొత్తగా విన్నట్టే వింటాం.

"ఆయన ఫోన్ చేసింది ఎప్పుడు?" అని అడిగా.

"ఆ రోజే అక్కా. పొద్దున. పలకలు అప్పటికే తప్పుగా ఉన్నాయి."

అంటే పొద్దున బేకరీ అన్న వాళ్ళావిడ పలక చూసి చిన్నక్క ఫోన్ పెట్టింది ఆ మంచం మీదున్న మా అమ్మ చెవి దగ్గర. ఎవరో మగమనిషి ఏడుస్తూ పిల్లని చూసుకుంటానన్నాడు. విన్నావా అని అడిగాడు. మాట్లాడే ఓపిక లేక, లేదంటే ఆ ఏడుపు వినలేక, మా అమ్మ ఊఁ కొట్టింది.

మా అమ్మ సంగతి నాకు తెలుసు. వీధిలో ఎవరు వచ్చి ఏ గోడు వెళ్ళబోసుకున్నా ఊఁ కొడుతూ కూర్చునేది. కూర మాడిపోతున్నా లేచేది కాదు. ‘ముందు నీ ఇంట్లోవాళ్ళ గోడు విను’ అని నేను ఎన్నిసార్లు పోట్లాడానో. ఆఖరికి పోతూ పోతూ కూడా పరాయివాళ్ళకే ఊఁ కొట్టి పోయింది. నాకు మిగల్చలేదు.

"ఆ ఊఁ మా అమ్మది," అన్నా.

"అవునక్కా."

"అది నాది."

"అవునక్కా. కానీ దాని మీదే ఆయన బతుకుతున్నాడు. నేను నోరు విప్పితే ఆయనకి అది పోతుంది. విప్పకపోతే మీకు చేసిన అన్యాయం అలాగే ఉండిపోతుంది. నాకు తోచట్లేదు. మీరు చెప్పమంటే శనివారం అంతా చెప్పేస్తా. వద్దంటే చచ్చేదాకా చెప్పను. మీ ఇష్టం."

మీ ఇష్టమట. ఎంత తెలివి. తప్పు చేసింది తను, తూకం వెయ్యాల్సింది నేను. ఆ మాటకి వచ్చినంత కోపం ఆ వేళ్ళు విడిపించుకున్న మాటకి కూడా రాలేదేమో నాకు. గుడ్డ లాక్కుని, పొమ్మన్నా. వెళ్తూ గుమ్మంలో ఆగి, "నీలమే బాగుంటుందక్కా," అంది. అటువంటి మనిషిని ఏమనాలి చెప్పండి. నేను ఎరుపు వేశా.

సాయంత్రం మా ఆయనకి చెప్పా. ఆయన చెక్కకి చిత్రిక పడుతూ వింటున్నాడు, మధ్యలో పట్టడం మానేశాడు.

"పోనీలే," అన్నాడు. "నువ్వు మాట్లాడింది మీ అమ్మ విన్నదిగా. గేటు దగ్గరే ఉన్నావని తెలిసే పోయింది. అది చాలదూ?"

"చాలు అన్న మాట ఈ ఇంట్లో అనకండి."

"సరే, అనను. బేకరీ ఆయన సంగతి ఆలోచించు."

"అందరూ ఆయన సంగతే ఆలోచించండి. మా అమ్మ గాల్లో చెయ్యి వెతుక్కుంటూ పోయింది. అది ఎవరు ఆలోచిస్తారు? ఆయన తప్పు లేదు, నాకు తెలుసు. నా తప్పుందా? నేను ఇన్నాళ్ళూ కాలిపోలేదా? ఆయనకి మేడ దిగడానికి ఒక మాట దొరికింది. ఆ మాట నాకు ఉంటే నేనూ దిగేదాన్ని."

"నువ్వు మేడ ఎక్కావా ఏంటి?" అన్నాడు, కంగారుగా.

"లేదు. నాకు ఎక్కేంత తీరిక ఎక్కడిది, మీ కుర్చీలు ఎవరు కుడతారు?"

నవ్వలేదు ఆయన. నేనూ నవ్వలేదు. ఆ వారమంతా ఇంట్లో గిన్నెల చప్పుడే తప్ప మాటలు లేవు. ఒకసారి చెప్పించాలని, ఒకసారి వద్దని, చపాతీ తిప్పినట్టు మనసుని అటూ ఇటూ తిప్పా. వద్దు అనుకున్న ప్రతిసారీ ఆ వేళ్ళు కళ్ళముందుకి వచ్చేవి. శనివారం నాటికి ఒక నిర్ణయానికి వచ్చా. చెప్పించను. కానీ చిన్నక్క ప్రతి శనివారం రావాలి, బేకరీ అన్న ఎదురుగా కూర్చోవాలి, ఆ ‘ఊఁ’ వినాలి, నేను పక్కనే కూర్చుని ఆవిడ వినడం చూడాలి. బతికినన్నాళ్ళూ. అంతకన్నా పెద్ద శిక్ష నాకు తోచలేదు. నాకు నేనే శభాష్ అనుకున్నా కూడా.

కొత్త ఎర్ర కుర్చీలు గుండ్రంగా వేశారు. చిన్నక్క వచ్చింది. నేను పక్క కుర్చీ చూపించా, కూర్చుంది. నీళ్ళు ఇవ్వడానికి లేవబోతే, "ఇవాళ ఎవరికి దాహమేస్తే వాళ్ళే తాగుతారు," అన్నా. కూర్చుండిపోయింది.

మేడమ్ చేతులు జోడించి నవ్వింది. "ఈ వారం బాధ గురించి వద్దు," అంది. "ఆ రోజుల్లో మీకు మేలు చేసినవాళ్ళు ఎవరన్నా ఉంటే, వాళ్ళని తలుచుకుందాం. పేరు తెలియకపోయినా పర్లేదు."

చిన్నక్క నా పక్కన చీర కొంగుకి మడత మీద మడత వేస్తోంది.

బేకరీ అన్న లేచి నిలబడ్డాడు. పొద్దున పొయ్యి దగ్గరినుంచి సరాసరి వచ్చినట్టున్నాడు, ముంజేతుల మీద పిండి.

"నేను ఒకరికి రుణపడి ఉన్నా," అన్నాడు. "ఆ వార్డులో మా దాని చెవి దగ్గర ఫోన్ పట్టుకున్న ఆయా ఎవరో. ఆవిడ ఓపిగ్గా పట్టుకోకపోతే నాకు ఆ మాట దక్కేది కాదు. మీకందరికీ తెలుసుగా." తెలిసినా మళ్ళీ అని చూపించాడు, తల కాస్త వంచి, కళ్ళు మూసుకుని. మొదట సన్నగా, చివర్లో కాస్త దీర్ఘంగా. "ఊఁ."

ఇన్నాళ్ళూ విన్నా నాకు తెలియలేదు. ఈసారి తెలిసింది. ఆ చివరి దీర్ఘం మా అమ్మది. ఇంకో మనిషి గొంతులో మా అమ్మ. చెప్పించను అనుకున్న నిర్ణయం అక్కడికక్కడే ఇగిరిపోయింది. శిక్షలు, శభాష్‌లు ఏవీ లేవు. నాకు అది కావాలి, అంతే. నా సొత్తు నా కళ్ళ ముందు పరాయివాడి నోట్లో ఉంది, చుట్టూ అందరూ కళ్ళు తుడుచుకుంటున్నారు.

"ఆవిడ ఎక్కడున్నా చల్లగా ఉండాలి," అన్నాడు బేకరీ అన్న. "కనబడితే కాళ్ళకి దణ్ణం పెడతా."

"నేనే అన్నా," అంది చిన్నక్క.

నేను అనమనలేదు. ఆవిడ నోటినుంచి అదే వచ్చేసింది. బేకరీ అన్న గుండ్రం మధ్యలోంచి నడిచి వచ్చి నిజంగానే వంగబోయాడు. చిన్నక్క కాళ్ళు కుర్చీ కిందకి లాగేసుకుంది.

"నువ్వా తల్లీ," అన్నాడు. "ఇన్నాళ్ళూ మాకు నీళ్ళు ఇస్తూ, ఒక్కసారి చెప్పలేదే. ఒకే ఒక్కటి అడుగుతా. నేను చూడలేదుగా, గొంతు మాత్రమే విన్నా. ఆ మాట అన్నప్పుడు మా దాని మొహం ఎలా ఉంది? కళ్ళు తెరిచిందా?"

చిన్నక్క ఆయనకి జవాబు చెప్పలేదు. నా వైపు తిరిగింది. మీ ఇష్టం అన్న ఆవిడ ఆ మాట మీదే నిలబడింది. నేను తల అడ్డంగా ఊపితే చాలు, కళ్ళు తెరిచిందన్నా, నవ్విందన్నా అని చెప్పేస్తుంది, ఆయన జీవితాంతం అది చాలనుకుని బతికేస్తాడు.

ఆయన ముంజేతుల మీద పిండి చూశా. ఆయన కూతురు గుర్తొచ్చింది. అన్నీ గుర్తొచ్చాయి, ఏమీ గుర్తురాలేదని అబద్ధం చెప్పను. వాటన్నిటి మీదా మా అమ్మ చెయ్యి లేచింది.

"చెప్పు చిన్నక్కా," అన్నా. "ఉన్నది ఉన్నట్టు చెప్పు."

బేకరీ అన్న తన తరఫున అడిగాననుకున్నాడు. నా వైపు తిరిగి, కళ్ళనిండా నీళ్ళతో, "చల్లగా ఉండు చెల్లెమ్మా," అన్నాడు.

చిన్నక్క లేచి తన కుర్చీ ఆయన వైపు జరిపింది.

"అన్నా, ముందు మీరు కూర్చోండి," అంది.

"పర్లేదమ్మా," అన్నాడాయన, చేతులు కట్టుకుని. "నిలబడే వింటా."